చెవిగారి అయిదు స్పీకర్లు

సినిమా హాళ్ళలో మా పెదనాన్నను ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. చెవిగారు అనేవాళ్ళు. కొత్త హాలు కట్టినా, పాత హాల్లో స్పీకర్లు మార్చినా ముందు ఆయనకే కబురు వెళ్ళేది. ఆయన ఖాళీ హాలు మధ్యలో నిలబడి, కళ్ళు మూసుకుని, ఏదో ఒక సినిమాలో పది నిమిషాల ముక్క వేయించుకునేవాడు. తర్వాత ముందు వరసలోకి, ఆ తర్వాత వెనక గోడ దగ్గరికి. చెయ్యి పైకెత్తితే పెంచమని, కిందికి దించితే తగ్గించమని. పిడికిలి బిగించాడంటే ఇక ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు. ఆ పిడికిలి కోసం మేనేజర్లు పరీక్ష ఫలితాలకు కాచుకున్న పిల్లల్లా ఎదురుచూసేవాళ్ళు.

ఆ చెయ్యి చూసి నాబ్‌లు తిప్పేవాడు మా నాన్న. పద్నాలుగేళ్ళు తిప్పాడు. నిచ్చెనలెక్కి స్పీకర్లు బిగించింది, తెర వెనక దుమ్ములో పాక్కుంటూ వైర్లు లాగింది కూడా నాన్నే. పేరు మాత్రం చెవిగారిది. నాన్నకు దాని మీద ఏ ఫిర్యాదూ ఉండేది కాదు. "అన్నయ్య చెవి అలాంటిది మరి" అని మాకే గొప్పగా చెప్పేవాడు.

నాకు పద్నాలుగో ఏడు నడుస్తుండగా ఆ జోడీ విడిపోయింది. వెయ్యి కుర్చీల పెద్ద హాలు. మర్నాడు మొదటి ఆట. పెదనాన్న మధ్యలో నిలబడి చెయ్యి పైకెత్తుతూనే ఉన్నాడు, నాన్న నాబ్ తిప్పుతూనే ఉన్నాడు. ఒకచోట నాన్న చెయ్యి ఆగిపోయింది.

"అన్నయ్యా, ఇంక చాలు. ట్రెబుల్ బాగా ఎక్కువైంది, సన్న చప్పుళ్ళన్నీ పదునెక్కాయి. 'స' అన్నా 'శ' అన్నా చెవిలో సూది దిగుతోంది."

హాలు యజమాని, మేనేజరు, ఇద్దరు ఎలక్ట్రీషియన్లు పక్కనే ఉన్నారు. పెదనాన్న కళ్ళు తెరిచాడు. "వైర్లు మోసేవాడివి వైర్లు మొయ్యి. వినడం నా పని. నీ చెవులు కళ్ళజోడు తగిలించుకోవడానికి పెట్టుకున్నావు" అన్నాడు.

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడట, ఏం చెయ్యాలో తోచక. నాబ్ ఆయన చెప్పినంత తిప్పి, వైర్లు చుట్టిపెట్టి, ఇంటికొచ్చి పడుకున్నాడు. మర్నాడు పనికి వెళ్ళలేదు. సొంతంగా చేసుకుందామని ఒక్కో హాలూ తిరిగాడు. "మీకు చెవి సరిగ్గా లేదని మీ అన్నగారే ఫోన్ చేసి చెప్పారు కదండీ" అన్నారు మొదటి హాల్లో. రెండో హాల్లోనూ అదే మాట. పదో హాలు తర్వాత తిరగడం మానేసి, టైర్ల గోడౌన్‌లో గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకునే పనిలో చేరాడు. ఇప్పటికీ అదే పని. అమ్మ ఎన్నిసార్లు ఉతికినా చొక్కాకు ఆ రబ్బరు వాసన వదలదు.

అన్నదమ్ములకు మాటలు పోయాయి. తోడికోడళ్ళిద్దరూ మాత్రం తెగతెంపులు చేసుకోలేదు. పెద్దమ్మ మా ఇంటికి వచ్చేది, అమ్మ వాళ్ళింటికి వెళ్ళేది, మగవాళ్ళ ఊసు ఎత్తకుండా గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు.

ఇలా పన్నెండేళ్ళు గడిచాయి. నేను ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పుస్తకాల పేజీలు పేర్చే పనిలో కుదురుకున్నాను. పెదనాన్నను హాళ్ళవాళ్ళు పిలవడం తగ్గిపోయింది, తర్వాత బొత్తిగా మానేశారు. ఇప్పుడు కుర్రాళ్ళు ల్యాప్‌టాప్, నాలుగు మైకులు పట్టుకొచ్చి గంటలో పని ముగించి పోతున్నారు. "చెవులున్నవాళ్ళు పోయారు, తెరలు చూసి వినేవాళ్ళు మిగిలారు" అనేవాడు పెదనాన్న.

ఒక రోజు పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఏమే, మీ పెదనాన్న వెనక గది ఖాళీ చేయించారు. అందులో హోమ్ థియేటర్ పెడతారట. మోకాలి నొప్పికి డాక్టరు స్కూటరు నడపొద్దన్నాడు. ఆదివారాలు నీ కారులో కాస్త షాపులకు తిప్పవూ?"

"నాన్నకి తెలిస్తే..."

"మీ నాన్నకి నేను చెప్తాలే. ఈయన ఇంట్లో కూర్చుని నా బుర్ర తినేస్తున్నారు. కాలింగ్ బెల్ మోగినా లేవరు, ఫోన్ మోగినా లేవరు. నా మాట తప్ప ప్రపంచంలో అన్ని శబ్దాలూ వినే మనిషి అనుకునేదాన్ని, ఇప్పుడు అన్నిటినీ నా మాట కిందే జమ కట్టేశారు."

నేను వెళ్ళాను. గది పదకొండు అడుగులు, పదమూడు అడుగులు. కప్పు తక్కువ ఎత్తు, ఒకటే కిటికీ. నాలుగు మూలల్లోనూ నిలబడి పెదనాన్న చప్పట్లు కొట్టాడు. "ఇక్కడ మోత తిరిగొస్తోంది, మందపాటి పరదా వెయ్యాలి. అక్కడ ఫర్వాలేదు" అంటూ సుద్దముక్కతో నేల మీద గుర్తులు పెట్టాడు. సోఫా ఇక్కడ, తెర అక్కడ, ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, మూలన గుభేలుమనే మోతలకు సబ్ వూఫర్.

"నీకో సంగతి చెప్పనా? ముప్ఫై అయిదేళ్ళలో నేను మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూసిన సినిమా ఒక్కటీ లేదు. ఎప్పుడూ ఆ పది నిమిషాల ముక్కే. వాడెవడు, ఎందుకు ఏడుస్తున్నాడు, చివరికి ఏమయ్యాడు, ఏదీ తెలీదు. ఏడుపు మాత్రం స్పష్టంగా వినబడాలి" అని నవ్వాడు. "ఇప్పుడు కూర్చుని చూస్తాను."

ఆ నవ్వు చూస్తే ఆయన మీద కోపం నిలుపుకోవడం కష్టమైంది. అయినా నిలుపుకున్నాను.

మొదటి షాపులో సేల్స్‌మన్ తొమ్మిది స్పీకర్ల సెట్టు చూపించి, అందులో నాలుగు కప్పుకు బిగించాలన్నాడు. "తొమ్మిదా? పదకొండు అడుగుల గదిలో మరి మనుషులెక్కడ కూర్చోవాలి నాయనా, నీ షాపులోనా?" అన్నాడు పెదనాన్న. రెండో షాపువాడు తెర కింద పెట్టే పొడుగాటి సౌండ్ బార్ చూపించి, అన్నీ ఇందులోనే ఉన్నాయన్నాడు. పెదనాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది, కిటికీకి కమ్మీ ఒకటి తక్కువైంది" అని పెట్టేశాడు. నేను పక్కకు తిరిగి నవ్వుకున్నాను.

మూడో షాపు ఒక యాభై ఏళ్ళావిడది. పెద్ద బోర్డు లేదు. పైన మెట్లెక్కి వెళ్తే కార్పెట్ పరిచిన చిన్న గది, మూడు కుర్చీలు. పెదనాన్న అక్కడ కుదురుగా కూర్చున్నాడు.

ముందు రిసీవర్ తేల్చుకుందామన్నాడు. సినిమాలోని శబ్దాన్ని విడదీసి, ఏ స్పీకరుకు ఏది వెళ్ళాలో పంచిపెట్టి, వాటికి బలమిచ్చేది ఆ పెట్టే. ఆవిడ నాలుగు పెట్టెలు బల్ల మీద వరసగా పెట్టింది. ఆయన అట్టల మీద అంకెలు చూడలేదు. ఒక్కోదాన్నీ రెండు చేతులా ఎత్తి బరువు చూశాడు.

"ఈ బరువంతా లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌దే. ఇదిగో, ఇది తేలిక. ఒక్క స్పీకరైతే అరిపిస్తుంది. అయిదూ ఒక్కసారి అడిగితే చేతులెత్తేస్తుంది. అట్ట మీద ఏం రాసుంటే ఏం?" అని, బరువైనదాన్ని పక్కకు జరిపాడు. "పైన గాలాడే చోటు ఉంచాలి. అరలో కుక్కితే ఉడికిపోతుంది."

"మీరు ఈ పని చేసినవారే" అంది షాపావిడ మెచ్చుకోలుగా.

"చెవిగారు అంటారు నన్ను."

ఆవిడకు ఆ పేరు తెలిసినట్టు లేదు. ఆయన ముఖం కాస్త వాడింది.

స్పీకర్లు చూసి కొనొద్దు, విని కొనాలన్నది ఆ షాపు పద్ధతి. గది ముందు భాగానికి అడ్డంగా పలుచటి నల్ల తెర. దాని వెనక మూడు సెట్లు. ఒకటి, రెండు, మూడు అని నంబర్లే. మూడింటిలోనూ ఒకే సన్నివేశం వేసింది. బయట వాన పడుతూ ఉంటుంది. వంటగదిలో ఒకామె కొడుకుతో మెల్లగా మాట్లాడుతుంది. ఇంతలో పక్క గదిలో ఎవరో వచ్చి తాళాల గుత్తి బల్ల మీద పెడతారు.

ఒకటో నంబరు వింటుంటే నాకు ఒంటి మీద చినుకులు పడుతున్నట్టే ఉంది. ఆమె గొంతు ఎదురుగా మనిషి కూర్చుని మాట్లాడినట్టుంది.

"దుప్పటి కప్పినట్టుంది. ప్రాణం లేదు" అన్నాడు పెదనాన్న.

రెండోది కూడా అంతే అన్నాడు. మూడోది మొదలయ్యేసరికి నాకు భుజాలు బిగుసుకుపోయాయి. వాన రేకు మీద గులకరాళ్ళు పోసినట్టుంది. ఆమె "సరేలే, చూస్తాను" అంటే ఆ రెండు 'స'లూ బ్లేడులా తగిలాయి. పెదనాన్న కళ్ళు మూసుకున్నాడు. ముఖం విప్పారింది. కుడి చెయ్యి దానంతటదే పైకి లేచి, పిడికిలి బిగుసుకుంది.

"ఇది. ఇదీ శబ్దమంటే."

"చిన్న గదికి అది చాలా పదునవుతుందండీ" అంది షాపావిడ జాగ్రత్తగా. "ఒకటో నంబరులో తాళాల గుత్తి చప్పుడు ఎలా ఉందనిపించింది మీకు?"

"తాళాల గుత్తా? ఒకటో దాంట్లో ఎక్కడుంది? మూడో దాంట్లోనే కదా వినబడింది. అందుకే చెప్తున్నాను, మిగతా రెండూ మింగేస్తున్నాయి."

ఆవిడ నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. తాళాల చప్పుడు నాకు మూడింటిలోనూ వినబడింది. ఒకటో దాంట్లో అయితే, గుత్తిలో తాళాలెన్నో లెక్కపెట్టొచ్చు అన్నంత వినబడింది.

పెదనాన్న రిసీవర్ వెనక వైర్లు తగిలించే చోట్లు చూస్తుండగా ఆవిడ నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది. "అమ్మా, ఆయనకి ఒకసారి చెవి పరీక్ష చేయించండి. పైస్థాయి శబ్దాలు అందడం లేదు. పెద్ద మోతల దగ్గర పనిచేసినవాళ్ళకు వస్తుంది. నేను చెప్తే సరుకు అంటగట్టడానికి చెప్పాననుకుంటారు. మీరు ఇంట్లోవాళ్ళు."

తల ఊపాను. పెదనాన్న ఆ బరువైన రిసీవరూ, మూడో నంబరు స్పీకర్లూ ఇంటికి పంపమని డబ్బు కట్టాడు. కారులో దారంతా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, మధ్య స్పీకరు తెరకు ఎంత కింద ఉండాలి, మాటంతా దాంట్లోంచే వస్తుంది కాబట్టి అది చెవి ఎత్తుకు వంచాలి, ఇలా. ఆ మాటల్లో ఒక్క పొల్లు లేదు. నోరు తెరిచి ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. చెప్పలేదు. ముసలాయన మనసు కష్టపెట్టడం ఎందుకని ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ మూడో నంబరు ఆయన ఇంటికి వెళ్ళాలని ఉంది నాకు. నలుగురి ముందూ మోగాలని ఉంది.

నాన్నకు మాత్రం మర్నాడు సాయంత్రమే చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. నాన్న గోడౌన్ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెంబు చేతిలో అలాగే ఉండిపోయింది.

"అంటే... ఆ రోజు అన్నయ్యకి నిజంగానే వినబడలేదన్నమాట."

"అప్పటి నుంచీ అయ్యుండొచ్చు నాన్నా. మీరే కరెక్టు."

"నేను కరెక్టని నాకెప్పుడూ తెలుసు. అన్నయ్యకీ వినబడిందనుకున్నాను. వినబడి కూడా, నేను అన్నాను కాబట్టి ఒప్పుకోలేదనుకున్నాను. పన్నెండేళ్ళుగా అదే అనుకుంటున్నాను." తువ్వాలు తీసుకుని చాలాసేపు పాదాలు తుడుచుకున్నాడు. "ఆయనకి చెప్పావా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

నేను చెంబు తీసి బోర్లించాను.

"చెప్పు. డబ్బాలు విప్పకముందే చెప్పు. షాపులో మార్చి ఇస్తారు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. నేను చెప్పలేదు. పెదనాన్న తన చేత్తోనే అన్నీ బిగించుకున్నాడు. రిసీవరుతో పాటు చిన్న మైకు ఒకటి వచ్చింది. దాన్ని సోఫా మీద పెడితే రిసీవరే గదిని విని సర్దుకుంటుంది. ఆయన ఆ మైకును సంచీలోంచి కూడా తియ్యలేదు. "నాకు వినడం నేర్పడానికి వచ్చింది ఇది" అని సొరుగులో పడేశాడు. ట్రెబుల్ తన చేత్తో పెంచాడు, ఆ మూడో నంబరు స్పీకర్లకు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మొదటి సినిమా. అమ్మా నేనూ వెళ్ళాం. నాన్న రానన్నాడు. పక్కింటి టైలరు, ఆయన భార్య వచ్చారు. పెద్దమ్మ పరదాలు లాగింది. పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, సోఫా సరిగ్గా మధ్యలో కూర్చున్నాడు.

పేర్లు పడుతుండగానే టైలరు భార్య కొంగు చెవి మీదికి లాక్కుంది. పాత్రలు మాట్లాడుతుంటే కాగిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టుంది. గాజు గ్లాసు పగిలే చోట అమ్మ ఉలిక్కిపడి నా మోచెయ్యి పట్టుకుంది. పావుగంటకు టైలరు లేచాడు. "కుళాయి కట్టడం మర్చిపోయామండీ చెవిగారూ, ఇప్పుడే వస్తాం" అన్నాడు. ఒక్క కుళాయి కట్టడానికి ఇద్దరూ వెళ్ళారు. మళ్ళీ రాలేదు.

పెదనాన్న తెర మీంచి కళ్ళు తిప్పలేదు. అరగంట తర్వాత ఏదో చెప్పబోయి పెద్దమ్మ వైపు తిరిగాడు. ఆమె చెవిలో తెల్లగా దూది.

"ఏమిటది?"

"చెవిపోటు."

"రెండు చెవుల్లోనా?"

ఆయన సినిమా ఆపాడు.

"నిన్నే అడుగుతున్నాను."

పెద్దమ్మ దూది తీసి గుప్పిట్లో పెట్టుకుంది. "తట్టుకోలేకపోతున్నానండీ. తల పగిలిపోతోంది. ఎవరూ తట్టుకోలేకపోతున్నారు. ఈ గదిలోనే కాదు, హాళ్ళలో కూడా జనం ఇదే మాట అనేవాళ్ళు. నేనూ జనంలో కూర్చుని విన్నాను. మీతో చెప్పే ధైర్యం ఎవరికుంది? చెప్పిన ఒక్కడినీ తరిమేశారు."

గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అది ఆయనకు వినబడుతోందో లేదో నాకు తెలీదు. ఆయన నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు. షాపులో ఆ తాళాల గుత్తి నీకు వినబడిందా?"

"వినబడింది."

"ఒకటో దాంట్లో?"

"మూడింటిలోనూ వినబడింది పెదనాన్నా."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

అమ్మ కూడా నా ముఖంలోకి చూసింది. నా దగ్గర జవాబుంది. దాన్ని బయటికి తియ్యలేకపోయాను. ఆయనే చదువుకున్నాడనుకుంటాను. "ఊఁ. మీ నాన్న కూతురివి కదా" అన్నాడు. తిట్టినట్టు అనలేదు. అది ఇంకా బాధపెట్టింది.

ఆ వారంలోనే పెదనాన్న ఒక్కడే బస్సెక్కి వెళ్ళి చెవి పరీక్ష చేయించుకొచ్చాడు. తర్వాతి ఆదివారం ఆ కాగితం నా ముందు పరిచాడు. ఎడమ పక్క సాఫీగా పోతున్న గీత, సగం దాటాక నిలువునా కిందికి పడిపోయింది.

"మెట్లు దిగినట్టు కూడా లేదు, గోడ మీంచి దూకినట్టుంది. పదిహేనేళ్ళ పైమాటేనన్నాడు డాక్టరు. స్పీకర్ల ముందు నిలబడీ నిలబడీ పోయిందట. ఏ స్పీకర్లు వినిపించడం నా పనో, అవే తినేశాయి."

అప్పుడే నా ఎదురుగా ఒక పాత మేనేజరుకు ఫోన్ చేశాడు. మాట సరిగ్గా అందదు కాబట్టి ఫోన్‌లో స్పీకరు పెట్టాడు. నేనూ విన్నాను.

"నేను సెట్ చేసి వెళ్ళాక మీ హాల్లో సౌండ్ ఎలా ఉండేది? దాచకుండా చెప్పు."

అవతలాయన కాసేపు నసిగాడు. "ఇప్పుడవన్నీ ఎందుకండీ చెవిగారూ. మీరు మెట్లు దిగి వెళ్ళాక, మొదటి ఆటకి జనం విసుక్కోగానే ట్రెబుల్ రెండు మూడు గీతలు తగ్గించుకునేవాళ్ళం. అందరు మేనేజర్లూ అంతే. పెద్దవారు, మీ మనసు కష్టపెట్టడం ఎందుకని..."

"అయితే మా తమ్ముడు చెప్పింది నిజమని మీకు తెలుసు."

"తెలుసండీ."

"మరి వాడు పనడిగితే ఎందుకివ్వలేదు?"

"మీరే వద్దన్నారు కదండీ."

పెదనాన్న ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఇంకెవరికీ చెయ్యలేదు. చెవికి మిషన్ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. సంచీ చప్పుడు, చెంచా చప్పుడు, తన నమిలే చప్పుడు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. "ఇది వినడం కాదు. ఎవడో విని నాకు చెబుతున్నట్టుంది" అని పూటకోసారి తీసి డబ్బాలో పెట్టేవాడు.

కొన్నాళ్ళకు నన్నడిగాడు. "మీ నాన్నని ఒక్కసారి రమ్మను. గది సర్దిపెట్టమను. మీ పెద్దమ్మ అయినా చూసుకుంటుంది."

నాన్న మూడు వారాలు అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఒక గురువారం పొద్దున గోడౌన్‌కు సెలవు పెట్టి బయలుదేరాడు. నేనూ వెంట వెళ్ళాను. గుమ్మంలో పెద్దమ్మ "రా మరిదీ" అని, ఇంకేదో అనబోయి లోపలికి వెళ్ళింది. పెదనాన్న వెనక గది తలుపు దగ్గర నిలబడ్డాడు. నాన్న ఆయన పక్క నుంచే లోపలికి వెళ్ళాడు. పన్నెండేళ్ళలో ఇద్దరూ అంత దగ్గరికి రావడం అదే మొదలు.

నాన్న సొరుగులోంచి ఆ మైకు తీయించాడు. సోఫా మీద మూడు చోట్ల పెట్టి, రిసీవర్ని తన పని తనను చేసుకోనిచ్చాడు. ఈల చప్పుళ్ళు ఒక్కో స్పీకరు నుంచీ వచ్చాయి. తర్వాత సబ్ వూఫర్‌ని మూల నుంచి రెండడుగులు ఇవతలికి లాగాడు. ముందు స్పీకర్ల ముఖాలు కొద్దిగా పక్కకు తిప్పి, ఆ పదును నేరుగా చెవికి తగలకుండా చేశాడు. అప్పుడు సోఫాలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఒక సినిమా ముక్క పెట్టించుకుని, రిమోట్‌తో కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చాడు. తగ్గించిన కొద్దీ గదిలోంచి ముళ్ళు ఏరేస్తున్నట్టుంది. పెద్దమ్మ చేతిలో పని వదిలేసి వచ్చి వింటూ నిలబడింది. టైర్ల గోడౌన్ గేటు దగ్గర ఆ చెవులు పన్నెండేళ్ళు లారీ హారన్లు విన్నాయి.

"అయింది" అని లేచాడు నాన్న.

"అయ్యిందా?" అన్నాడు పెదనాన్న. తలుపు పట్టుకుని, అక్కడి నుంచి కదలకుండా. "ఆ రోజు నువ్వన్నది..."

"వద్దన్నయ్యా."

"నాకు వినబడలేదురా. ఒట్టు. నిజంగా వినబడలేదు."

"తెలుసు. అమ్మాయి చెప్పింది." నాన్న రిమోట్ బల్ల మీద పెట్టాడు. "ఆ రోజు హాల్లో నువ్వన్న మాటకి ఇప్పుడు నాకు కోపం లేదు. వినబడనివాడివి, ఏం చేస్తావు? కానీ ఆ తర్వాత ఒక్కో హాలుకీ ఫోన్ చేశావు. నాకు చెవి లేదని చెప్పావు. అది చెవి చేసిన పని కాదు కదన్నయ్యా."

పెదనాన్న తల దించుకున్నాడు. "సినిమా వేస్తాను, కాసేపు కూర్చో" అన్నాడు చివరికి.

"డ్యూటీకి మధ్యాహ్నం నుంచైనా వెళ్తాను" అని నాన్న చెప్పులు వేసుకున్నాడు. పూర్తి రోజుకు సెలవు పెట్టాడని నాకు తెలుసు.

అయిదు నెలలైంది. నాన్న మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆ గది మాత్రం ఖాళీగా లేదు. పెద్దమ్మ ఆదివారాలు సినిమా పెట్టుకుంటుంది, టైలరు దంపతులు కుళాయి కట్టేసి మరీ వస్తారు. పెదనాన్న మొదట్లో వాళ్ళతో పాటు మిషన్ పెట్టుకుని కూర్చునేవాడు. తనకేమో దుప్పటి కప్పినట్టు, వాళ్ళకేమో హాయిగా. వాళ్ళు ఎప్పుడు నవ్వుతారో చూసి నవ్వేవాడు. తర్వాత కూర్చోవడం మానేసి, ముందు గదిలో పేపరు పట్టుకుంటున్నాడు.

మొన్న వెళ్ళినప్పుడు నేను లోపలి నుంచి వస్తుంటే పేపరు దించి అడిగాడు.

"ఎలా ఉంది సౌండు?"

"చాలా బాగుంది పెదనాన్నా."

నా ముఖంలోకి పరీక్షగా చూశాడు.

"నువ్వలాగే అంటావులే" అని పేపరు తిరగేశాడు.